పర్లాకిమిడి వైపు ఇంటి చదువు: ముగ్గురు పిల్లలు, మూడు లిపులు, ఒకే వంటిల్లు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగిళ్లలో పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునేవాళ్లకు ముందుగా తగిలే చిక్కు పొద్దుది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటుంది, చంటిది చంక దిగదు. ఆరేళ్లవాడికి గుణింతాలు చెప్పాలి, తొమ్మిదేళ్లదానికి భాగహారం చెప్పాలి, పదమూడేళ్లవాడు బీజగణితం పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాడు. రెండో చిక్కు భాషది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకాల్లో ఇంగ్లీషు. ఈ రెండూ దారిలో పడితే మిగతావి వాటంతటవే సర్దుకుంటాయి. ముగ్గురు పిల్లలు, ఒక చంటిబిడ్డ, పగలంతా ఇంట్లో ఉండే పెద్దమనిషి ఒక్కరే అన్న లెక్కతో ఇది రాశాం. మీ ఇంట్లో నాయనమ్మో తాతయ్యో ఉంటే పని ఇంకా తేలిక.

చదువును ఇంటిపనికి కట్టండి

తొమ్మిదింటికి తెలుగు, తొమ్మిదీ నలభైకి లెక్కలు అని గోడకు అంటించిన కాగితం మూడో రోజుకే పనికిరాకుండా పోతుంది. గ్యాసు బండ వస్తుంది, కుళాయి ఆలస్యమవుతుంది, చుట్టాలు దిగుతారు. ఒక గంట జరిగితే దాని వెనకున్నవన్నీ జరుగుతాయి. సాయంత్రానికి ఏదీ పూర్తి కాలేదన్న నీరసం మిగులుతుంది.

ఏ రోజూ తప్పని పనులు నాలుగు ఎంచుకోండి. టిఫిన్ కంచాలు కడగడం, అన్నానికి ఎసరు పెట్టడం, మధ్యాహ్నం భోజనం ఎత్తేయడం, సాయంత్రం దీపం పెట్టడం. ఒక్కో పని వెనకాల ఒక్కో చదువు తగిలించండి. కంచాలు కడగ్గానే లెక్కలూ భాషా. ఎసరు పెట్టాక వంటింట్లోనే నోటి లెక్కలు. భోజనం అయ్యాక ఎవరికి వాళ్లు పడుకుని చదువుకునే కథల పుస్తకం. దీపం పెట్టాక పెద్దవాళ్లు పైకి చదివి వినిపించడం. టిఫిన్ ఎనిమిదికి అయినా తొమ్మిదిన్నరకు అయినా వరస మాత్రం చెడదు. వారం తిరిగేసరికి చివరి కంచం బోర్లించగానే పిల్లలే పుస్తకాలు తెచ్చుకుంటారు.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఈ వరసను ముందుకు జరపాలి. ఆ ఎండల్లో పదిన్నర దాటాక ఎవరి బుర్రా పనిచేయదు. పొద్దున్న ఆరింటికే కూర్చోబెట్టి తొమ్మిదికి ముగించేయండి, టిఫిన్ మధ్యలో పెట్టుకోండి.

మూడు వంతులు

ఒక మనిషి ఒకసారి ఒక్క పిల్లకే సరిగా చెప్పగలరు. ముగ్గురినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తిప్పి తిప్పి చెబితే ముగ్గురికీ సగం సగమే అందుతుంది. అందుకని పొద్దుటి చదువును 25 నిమిషాల చొప్పున మూడు వంతులు చేయండి. ప్రతి వంతులో ఒకరు మీ పక్కన కూర్చుంటారు, ఒకరు సొంతంగా రాసుకుంటారు, ఒకరు ఇంటిపని చేస్తూ చంటిబిడ్డను చూస్తారు. అలారం మోగగానే చోట్లు మారతాయి. మూడు వంతులు అయ్యేసరికి మధ్య విరామాలతో కలిపి గంటన్నర. ఆరేళ్లవాడికి 25 నిమిషాలు ఎక్కువ. పావుగంట చెప్పి, మిగిలిన పది నిమిషాలు మట్టిలో ఆడుకోనివ్వండి, లేదా బొమ్మలు వేయనివ్వండి. చంటిబిడ్డను మాత్రం వాడి మీద వదలకూడదు. వాడి ఇంటిపని వంతులో బిడ్డ మీ కళ్లముందే ఉండాలి. సమయానికి చిన్న అలారం గడియారమే మేలు. అలారం ఆపడానికి ఫోను తీస్తే అందులోని మెసేజీలు మిమ్మల్ని పట్టేస్తాయి.

ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది రెండో చోట, సొంతంగా రాసుకునే దగ్గర. కొత్త పాఠం ఇచ్చి రాసుకోమంటే రెండు నిమిషాలకోసారి లేచొస్తుంది, పక్కన కూర్చున్నవాడి వంతు పాడవుతుంది. సొంతంగా చేసే పని ఎప్పుడూ కిందటి వారం బాగా వచ్చినదే అయి ఉండాలి. ఒక వంతులో రెండుసార్లకు మించి లేచొచ్చిందంటే ఆ పని కష్టమైనదని లెక్క. దాన్ని తీసి రేపు మీ పక్కన కూర్చునే వంతులో పెట్టండి, బద్ధకమని తిట్టకండి. ముందు రోజు రాత్రే ఒక్కొక్కరి ప్లాస్టిక్ బుట్టలో రేపటి పని సర్దిపెట్టాలి. రెండు పేజీలు చాలు, చెక్కిన పెన్సిళ్లు రెండు ఉండాలి. పెన్సిల్ చెక్కుకోవడానికి లేచిన పిల్ల తిరిగి కూర్చోవడానికి పది నిమిషాలు పడుతుంది.

పదమూడేళ్లవాడికి జవాబుల పేజీ చేతికిచ్చేయండి. వాడే ఎర్రపెన్నుతో దిద్దుకుని, తప్పు పోయిన లెక్కలు మాత్రమే మీ దగ్గరకు తేవాలి. ఆ తప్పుల మీద గడిపే 25 నిమిషాలు పూర్తి పాఠం కన్నా విలువైనవి. పెద్దవాడు చిన్నవాడికి కథ చదివి వినిపిస్తే ఇద్దరికీ మంచిదే, కానీ రోజుకు ఇరవై నిమిషాలు దాటనివ్వకండి, లెక్కలు అసలు చెప్పించకండి. పెద్దవాడికి విసుగొస్తుంది, చిన్నవాడికి లెక్కలంటే భయం పట్టుకుంటుంది. పైగా పెద్దపిల్లను ఇంటి మాస్టారును చేసేస్తే దాని చదువే వెనకబడుతుంది.

చంటిబిడ్డకు విడిగా ఒక డబ్బా పెట్టండి. స్టీలు గిన్నెల మూతలు, బట్టల క్లిప్పులు, చెక్క గరిట, పాత గుడ్డముక్కలు వేయండి. పొద్దుటి చదువప్పుడే తీసి, తర్వాత అటక ఎక్కించేయాలి. రోజంతా కళ్లముందుంటే మూడో రోజుకు మోజు తీరిపోతుంది. చింతపిక్కలు, బఠాణీలు, నాణేలు, బొత్తాలు మూడేళ్ల లోపు పిల్లల డబ్బాలో వేయకూడదు, గొంతులో అడ్డుపడతాయి. ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్ల చంటిదాన్ని చూస్తున్నప్పుడు పెద్దవాళ్లు పిలుపు వినపడేంత దూరంలోనే ఉండాలి. నీళ్ల తొట్టి, బకెట్ల దగ్గర కాపలాకు పిల్లల్ని పెట్టకూడదు.

మూడు లిపులు కలగాపులగం కాకుండా

ముందు తెలుగే నేర్పండి. బిడ్డ ఏ మాట వింటూ పెరిగిందో ఆ మాట రాత తొందరగా పట్టుబడుతుంది. కొత్త కథ పుస్తకంలో పేజీడు ఆగకుండా చదవగలిగిన తర్వాతే ఒడియా అక్షరాలు మొదలుపెట్టండి. చాలామంది పిల్లలకు ఈ మధ్య ఎడం కనీసం ఆరు నెలలు ఉండాలి. అంతదాకా ఒడియా వీధిలో ఆటలతో, ఇంగ్లీషు పాటలతో మాటగా ఎక్కుతుంటే చాలు. రెండు లిపులు ఒకేసారి మొదలుపెడితే బిడ్డకు రెండూ సగం సగమే వస్తాయి, తనకు చదువు రాదన్న బెంగ మాత్రం పూర్తిగా వస్తుంది.

రెండూ నడుస్తున్నప్పుడు చోటూ వేళా వేరు చేయండి. తెలుగు పొద్దున్న అరుగు మీద, పసుపు అట్ట పుస్తకంలో. ఒడియా సాయంత్రం బల్ల దగ్గర, ఎర్ర అట్ట పుస్తకంలో. రోజుకు ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. తెలుగుకు ఒంటిగీత పుస్తకం తీసుకుని గీత విడిచి గీత రాయించండి. వరసగా రాస్తే పై వరసలోని ఒత్తు వచ్చి కింది వరసలోని గుడి మీద కూర్చుంటుంది, ఏది ఎవరిదో తెలియదు.

ఇక తప్పుల సంగతి. సరిహద్దు పిల్లల తెలుగు రాతలో వచ్చే తప్పులు చాలావరకు ఒడియా నుంచి వచ్చేవే. కారణం తెలిస్తే కోపం రాదు, దిద్దడం తేలికవుతుంది.

పిల్ల ‘మేడ’ రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని పెన్సిల్ ములికినే చూడండి. గీత మొదట్లో ఎడంపక్క కాస్త చోటు వదిలి ఆగుతుంది. తర్వాత ‘మ’ రాస్తుంది. మళ్లీ వెనక్కి వచ్చి వదిలిన చోట కొక్కెంలా ఒకటి గీయబోతుంది. ఒడియాలో ఏకారం గుర్తు హల్లుకు ఎడమ పక్కన ఉంటుంది, ఓకారానికైతే అటొకటి ఇటొకటి. చేతికి అదే అలవాటు. తెలుగులో ఏత్వం నెత్తిన కూర్చుంటుందని వందసార్లు చెప్పినా ఎక్కదు. ‘మ’ అంటూ మ రాయించి, చెయ్యి ఎత్తించి, ‘ఏ’ అంటూ పైన గుర్తు పెట్టించండి. నోరు ముందు, చెయ్యి వెనక. రోజుకు పది మాటల చొప్పున రెండు వారాలు చేయించండి.

ఇంతకన్నా మొండిది ఎ, ఏల తేడా. ఒడియాలో ఏకారం ఒక్కటే, ఓకారం ఒక్కటే. హ్రస్వానికి వేరే అక్షరం లేదు. అందుకే ఒడియాకు అలవాటుపడ్డ పిల్లకు నెల, నేల ఒకేలా కనిపిస్తాయి. జంటలుగా నేర్పండి: నెల–నేల, మెడ–మేడ, తెగ–తేగ, కొన–కోన. మీరు ఒకటి పలకాలి, పిల్ల చేత్తో చూపించాలి. నెలకు ఆకాశం, నేలకు కింద. మెడకు మెడ, మేడకు పై అంతస్తు. చెవికి తేడా తెలిసేదాకా రాయించి లాభం లేదు. ఒత్తులదీ ఇదే తంతు. గుడి–గుడ్డి, గడి–గడ్డి, మడి–మడ్డి పలికేటప్పుడు ఒత్తు దగ్గర గొంతు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగిన చోట చప్పట్లు కొట్టించండి. చప్పట్లు పడ్డ చోటే ఒత్తు.

ఒడియా అకారం ఒకారం వైపు ఒరుగుతుంది, అందుకే కమలను ‘కొమొలొ’ అని చదువుతారు. శ, ష, స మూడింటినీ ఒడియా మాటలో ‘స’గానే పలుకుతారు. వకారం చాలాచోట్ల బకారమవుతుంది, మాట మొదట్లో యకారం జకారమవుతుంది. బరంపురం ఠాకురాణి యాత్రను అందరూ జాత్రా అనే అంటారు కదా, అదే. ఒడియా చదివేటప్పుడు పిల్ల అలా పలికితే దిద్దకండి, అక్కడ అదే ఒప్పు. తెలుగు చదివేటప్పుడు మాత్రం మెల్లగా ఒకసారి సరిచేసి ముందుకు వెళ్లండి. శ, ష, సల తేడా చెవి మీద వదిలేయకుండా మాటలుగా కంఠస్థం చేయించండి. ఒడియా వల్ల కలిసొచ్చేదీ ఒకటుంది: ల, ళ తేడా ఆ భాషలోనూ ఉంది, కాబట్టి కల, కళ మన పిల్లలకు సులువుగా పట్టుబడతాయి.

అంకెల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ఒడియా నాలుగు చూడ్డానికి పైన తెరిచిన 8లా ఉంటుంది. కేలండరు మీద, బస్సు మీద, ఒడియా పుస్తకంలో పేజీ నంబరు మీద అది చూసిన పిల్ల కూడికలో తికమకపడుతుంది. పదేళ్లు వచ్చేదాకా లెక్కల పుస్తకంలో 1, 2, 3 తప్ప ఇంకే అంకెలూ రానివ్వకండి. ఒడియా అంకెలు ఒడియా పుస్తకంలోనే నేర్పండి.

పిల్లలు ఇంట్లో మాట్లాడే యాసను రాతలోంచి కొట్టేయకండి. మొదటి ఏడాది వాళ్లు ఎలా అంటారో అలాగే రాయనివ్వండి. పుస్తకం తెలుగు చదవగా చదవగా దానంతట అదే కలుస్తుంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే మాస్టారుగా ఉండి, సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని పట్టుబట్టారు. తెలుగులోనూ జనం మాట్లాడే భాషే రాతలోకి రావాలని పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. ఆ ఊరి పక్కనుండి మన పిల్లల నోటిమాటను మనమే చిన్నచూపు చూడకూడదు.

పుస్తకాల కోసం పర్లాకిమిడి వాళ్లు నది దాటి పాతపట్నం, బరంపురం వాళ్లు ఇచ్ఛాపురం వెళ్తే సరిపోతుంది. అక్కడ దొరకనివి శ్రీకాకుళంలో వెతకాలి. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉండేవి మనకు బాగా పనికొస్తాయి. సైన్సు, లెక్కల మాటలు రెండు భాషల్లో పక్కపక్కనే కనిపిస్తాయి.

వంటింటి లెక్కలు

ఎసరు పెట్టే వేళ ఇచ్చే లెక్కకు కాగితం అక్కర్లేదు. గ్లాసు బియ్యం ఇద్దరికి అనుకుంటే ఏడుగురికి ఎన్ని? తొమ్మిదేళ్లది మూడు గ్లాసులు పోసి నాలుగోది చేతిలో పట్టుకుని ఆగిపోతుంది. అక్కడ చెప్పేయకండి. గ్లాసును వెలుతురుకు ఎత్తి సగం ఎక్కడో చూడనివ్వండి. మూడున్నర. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లు చొప్పున ఏడు గ్లాసులు. సగాన్ని రెండుతో హెచ్చవేస్తే ఒకటవుతుందన్న సంగతి అన్నం ఉడికేలోపు అర్థమవుతుంది. కొత్త బియ్యమైతే అంతే నీళ్లు పోస్తే ముద్దవుతుంది. కొంచెం తగ్గించి, ఎంత తగ్గించారో పద్దు పుస్తకంలో రాసుకోమనండి. ఇంట్లో పాత సోల, మానిక ఉంటే బయటకు తీయండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. గిద్దతో మానిక నింపితే పదహారుసార్లు పడుతుంది. పదహారో వంతు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకు మించిన పరికరం లేదు.

వారానికోసారి దాల్మా, అంటే కూరగాయలు వేసి చేసే ఒడియా పప్పు వండి, కూరల చీటీని రెండు భాషల్లో రాయించండి. బొప్పాయికి అమృతభండా, గుమ్మడికి కఖారు, వంకాయకు బాయిగణ, పచ్చి అరటికి కంచా కదళి. ఆ చీటీతోనే సంతకు పంపండి. వంద రూపాయలిచ్చి, కిలో 60 ఉన్నప్పుడు పావుకిలో ఎంతో ముందే చెప్పించి, ఒడియాలోనే బేరమాడమనండి. ఇంటికొచ్చాక పద్దు రాయడం వాళ్ల పనే. పద్దు తేలకపోతే కోప్పడకుండా ఇద్దరూ కూర్చుని వెతకండి. తేలని మూడు రూపాయల కోసం వెతికేటప్పుడు తీసివేత బాగా వంటబడుతుంది.

భూగోళానికి నౌపడ–గుణుపురం రైలు ఎక్కించండి. పర్లాకిమిడి రాజావారి హయాంలో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల పట్టాల మీద మొదలైన లైను అది. ఇప్పుడు బ్రాడ్‌గేజి. టెక్కలి, పాతపట్నం బోర్డుల మీద తెలుగు చూసి, రాష్ట్రం దాటాక ఒడియా బోర్డులు చదువుకుంటూ పోతే సరిహద్దు అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేదు.

కాగితాలు, పరీక్షలు

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు హక్కు ఇచ్చింది. ఇంటి చదువు గురించి అందులో విడిగా ఏమీ రాయలేదు. మనసు మార్చుకుని బడిలో వేయాల్సి వస్తే వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని మాత్రం ఆ చట్టంలో ఉంది. ఆ రోజు కోసం నెలకు ఒక్కో పిల్లవి మూడు కాగితాలు, తేదీ వేసి ఫైలులో పెట్టండి: ఒక రాత, ఒక లెక్కల పేజీ, చదివిన పుస్తకాల చీటీ. అంతకు మించి దాచాలనుకుంటే రెండో నెలకే మానేస్తారు.

పదో తరగతికి దారి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అందరూ ఎన్ఐఓఎస్ అనేది. దాని ప్రాథమిక విద్యలో ఎ, బి, సి స్థాయిలు 3, 5, 8 తరగతులకు సమానం. సెకండరీకి 14 ఏళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు రాయాలి. ఏప్రిల్–మే, అక్టోబరు–నవంబరుల్లో ఏడాదికి రెండుసార్లు పరీక్షలు జరుగుతాయి. అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి కనుక అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు. రెండు రెండుగా రాయించడమే మేలు. భాషలు రెండుకు మించి తీసుకోనివ్వరు. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగ ప్రకటనల్లో ఒడియా పాసై ఉండాలని అడగడం మామూలే. పిల్ల ఇక్కడే స్థిరపడేలా ఉంటే ఇంగ్లీషుతో పాటు ఒడియా తీసుకోండి. తెలుగును పరీక్షతో పనిలేకుండా ఇంట్లో నిలబెట్టుకోవచ్చు.

ఫారాల దగ్గర మన పేర్లు చాలా ఏడిపిస్తాయి. మనకు ఇంటిపేరు ముందు, ఒడిశా ఫారాల్లో చివర. జనన ధ్రువపత్రంలో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకులో ఇంకో వరస. మూడూ కలవకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది. పిల్లకు అయిదేళ్లు నిండేలోపే ఒక వరస, ఒక స్పెల్లింగు ఖాయం చేసుకుని అన్ని కాగితాల్లో అలాగే దిద్దించండి. చిన్నప్పుడైతే ఆ పని తేలిక.

అక్టోబరు మన తీరానికి తుపాను నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ వానలకు గజపతి జిల్లాలో కొండచరియలే విరిగిపడ్డాయి. కష్టమైన సబ్జెక్టు, అంటే ఎక్కువమందికి లెక్కలు, ఏప్రిల్ విడతకు పెట్టుకోండి. తుపానుకు కరెంటు పోయి వారం చదువు సాగకపోయినా తట్టుకోగల సబ్జెక్టును అక్టోబరుకు ఉంచండి. సెప్టెంబరు ఆఖరుకల్లా ధ్రువపత్రాలు, నెలవారీ ఫైళ్లు, హాల్ టికెట్ రెండు ప్రతులు మందపాటి ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి రెండు మడతలు పెట్టి, అటక మీద కాకుండా పక్కా శ్లాబు ఉన్న గదిలో బీరువా పై అరలో పెట్టండి. రేకుల ఇంట్లో గాలికి ముందు కదిలేది కప్పే. దాని కింద అటక మీద దాచినవన్నీ తడిసిపోతాయి.